చిరుతకు రాహుకాలం లేదు

ముందు పోయినవాటి లెక్క చెప్పేస్తాను.

సిడ్నీ నుంచి మనవాళ్ళను టాంజానియా అడవులకు తీసుకెళ్ళి, తీసుకెళ్ళినంతమందినీ తిరిగి తీసుకురావడం నేను చేసిన ఉద్యోగం. మనుషుల లెక్క ఎప్పుడూ తప్పలేదు. మిగతావే తప్పాయి. సూట్‌కేసులు పదకొండు పోయాయి. తొమ్మిది తిరిగొచ్చాయి, వాటిలో ఒకటి ఎవరివో బట్టలతో వచ్చింది. టోపీలు నలభైకి పైనే. వాటిలో చాలావరకు గొరొంగొరొ బిలం అంచున గాలికి ఎగిరిపోయినవే కాబట్టి, కింద ఏ అడవిదున్నలో వాటిని పెట్టుకుని తిరుగుతుండాలి. కట్టుడు పళ్ళు ఒక సెట్టు. డ్రోన్ ఒకటి, ఎగరెయ్యొద్దని చెప్పాకే. పెళ్ళి సంబంధం ఒకటి: నిశ్చితార్థమైన జంట ఐదు రోజులు ఒకే జీపులో పక్కపక్కన కూర్చున్నారు, ఆరోరోజు అమ్మాయి వద్దంది. అది నష్టమో లాభమో తేలక విడిగా ఉంచాను. ఆవకాయ ఆరు సీసాలు, గోంగూర రెండు, మాగాయ ఒకటి. ఈ తొమ్మిదీ ఒకే పొద్దున, ఒకే బబూన్ కోతుల కుటుంబం చేతిలో పోయాయి.

చివరగా, అదే పొద్దున, రెండుంబావు గంటల కాలం.

మిగతావన్నీ కలిపినా ఆ చివరిదానికి సాటిరావు. ఈ వృత్తిలోకి రావాలనుకుంటున్న కుర్రవాళ్ళు ఈమధ్య నన్ను సలహా అడుగుతున్నారు. వీసాలు, ఇన్సూరెన్సులు ఎవరైనా చెబుతారు. నేను ఆ రెండుంబావు గంటల గురించి చెబుతాను.

నా అర్హతలు

ఏమీ లేవు. ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పాను. సిడ్నీ వచ్చాక బ్లాక్‌టౌన్ దగ్గర ఒక గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టే పని. పెట్టెలు లెక్కపెట్టీ పెట్టీ అంకెల మీద ఒక అహంకారం వచ్చింది. సగటు, శాతం, సంభావ్యత లాంటివన్నీ ట్రైన్‌లో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. గురువు లేని విద్య కాబట్టి ఎక్కడ తప్పుతున్నానో చెప్పేవాడు కూడా లేడు. పంచాంగం లెక్కలూ అలాగే పట్టుబడ్డాయి. మా ఆవిడ, "మీకు తెలియనిదంటూ లేదు, తెలిసిందీ లేదు" అనేది. దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

టూర్ల పనిలోకి తీసుకున్నది సుందరం అంకుల్. చిత్తూరు ఆయన. మసాలా దినుసుల కొట్టు వెనకాల ఒక గదిలో ట్రావెల్ ఆఫీసు నడిపేవారు. మొదటి వారంలోనే నేను ఒక కరపత్రం రాసి చూపించాను: "సింహం, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం, చిరుత. ఐదుకి ఐదు గ్యారంటీ!"

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"ఏమబ్బా, చిరుత నీ దగ్గర జీతం తీసుకుంటుందా?"

"లేదంకుల్."

"మరి దాని తరఫున మాటెట్లా ఇస్తావు? జంతువును అమ్మొద్దు నాయనా. పొద్దున్నే లేవడాన్ని అమ్ము. లేచినోడికి ఏదో ఒకటి కనబడతాది. అది ఏందనేది నీ పని కాదు."

ఈ వ్యాసంలో పనికొచ్చే మాట ఇదొక్కటే. చదివి ఇక్కడితో ఆపేసినా మీకు నష్టం లేదు. నేను మాత్రం ఆయన అటు తిరగగానే గ్యారంటీ అన్న మాట కొట్టేసి, "అనుభవపూర్వక లెక్కల ప్రకారం" అని రాశాను.

అడవిలో మనవాళ్ళు

మనవాళ్ళ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. గొరొంగొరొ ఒకప్పుడు అగ్నిపర్వతం. పేలి, కూలి, ఇప్పుడు ఒక పెద్ద బాణలిలా ఉంటుంది. ఆ బాణలి అడుగున గడ్డి, ఉప్పు చెరువు, ఫ్లెమింగోలు, వాటన్నిటి మధ్య సింహాలు. అలాంటిచోట జీపుకి పది గజాల్లో సింహం వెల్లకిలా పడుకుని నిద్రపోతుంటే, వెనక సీటులోంచి ఒకాయన అడిగారు: "మూర్తిగారూ, ఇది లేవదా? ఇంత దూరం వచ్చాం కదా, డ్రైవర్ని ఒకసారి హారన్ కొట్టమనండి."

డ్రైవర్ పేరు జుమా. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తొందరలేని మనిషి. ఏమంటున్నారని నన్ను అడిగాడు. చెప్పాను. "ఆయన మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు ఈ సింహం వెళ్ళి హారన్ కొట్టిందా?" అన్నాడు ఇంగ్లీషులో, మొహంలో నవ్వు లేకుండా. ఇన్నేళ్ళలో అతను నేర్చుకున్న తెలుగు ఒక్క ముక్కే, "ఐదు నిమిషాలండీ". ఎందుకంటే పొద్దున ఆరింటికి అతను జీపు తెచ్చి నిలబెట్టినప్పుడల్లా మావాళ్ళ గదుల్లోంచి వినబడేది అదే. స్నానాలవ్వాలి, దీపం పెట్టాలి, కాఫీ తాగాలి. సింహం వేట ముగించి పడుకున్నాక మేం టిఫిన్ ముగించి బయల్దేరేవాళ్ళం.

నేనేం తక్కువ తినలేదు. మారా నది దగ్గర విల్డబీస్ట్ మందలు నది దాటడం చూడ్డానికి ప్రపంచమంతా వస్తుంది. విల్డబీస్ట్ అంటే ఎద్దు, మేక, గాడిద తయారుచేశాక మిగిలిన సామానుతో చేసినట్టుండే జంతువు. వేలకొద్దీ వచ్చి గట్టున నిలబడతాయి. ముందున్నది దూకితే అన్నీ దూకుతాయి. అది వెనక్కి తిరిగితే అన్నీ తిరుగుతాయి. నేను వాటి గత ప్రవర్తన చూసి, గాలి చూసి, "పన్నెండింటిలోపు దాటతాయి" అని ప్రకటించాను. నాలుగింటిదాకా ఎండలో కూర్చున్నాం. అవి గట్టుదాకా రావడం, నీళ్ళు చూడడం, పోవడం. చివరికి అందరం విసిగి, పొదల చాటుకు వెళ్ళాలన్నవాళ్ళను తీసుకుని కాస్త దూరం వెళ్ళాం. తిరిగొచ్చేసరికి అవతలి గట్టు నిండా విల్డబీస్ట్‌లు, ఇవతల దుమ్ము. నా లెక్క తప్పలేదని, నాలుగు గంటల తేడా మాత్రమే వచ్చిందని ఆ సాయంత్రం భోజనాల దగ్గర వాదించాను కూడా.

నర్సమ్మ ఆంటీ

నర్సమ్మ ఆంటీది బ్లాక్‌టౌన్. ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. అక్కడ గొడవలయ్యాక భర్తతో, కూతురితో ఇక్కడికి వచ్చి, ఒక బడి క్యాంటీన్‌లో రిటైరయ్యేదాకా పనిచేసింది. ఆమె తెలుగు నూరేళ్ళ కిందట విశాఖ ప్రాంతంలో ఓడెక్కిన తెలుగు. మధ్యలో ఎవరూ దిద్దలేదు. కూతురు లతకు అది అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు టీ చల్లారకముందే అడిగేసింది.

"బాబూ, నువ్వు లెక్కలోడివంట కదా. నా కళ్ళు నడిమిన మసకడిపోతన్నాయి. అంచులు మిగుల్తాయి, నడుమ పోద్దన్నాడు డాక్టరు. యేడాది టైమిచ్చినాడు. ఈలోగా నాకు చిరుతని సూపెట్టగలవేటి?"

"చిరుతే ఎందుకాంటీ?"

"మా తాత చెరుకుతోటల్లో పనికని ఓడెక్కినాడు. అంతకుముందు కొండకాడ మేకల్ని కాసీవోడంట. ఒకనాడు బండ మీద చిరుత కూకునుందంట. ఈయన దాని మొగం సూసినాడు, అది ఈయన మొగం సూసింది. కాసేపటికి ఎవలింటికి ఆలు ఎల్లిపోనారంట. పులంటే గాండ్రించాలి కదా? మా తాత మాత్రం రంపంతో దుంగ కోసినట్టు అరిచి సూపించీవోడు. గర్రు గర్రు గర్రు! మేం పడీపడీ నవ్వీవోళ్ళం. ఫిజీలో పిల్లికి మించిన పులి నేదు కదా. మా అన్నా నానూ అబద్ధాల తాతని పేరెట్టినాం. ఆ పేరుతోనే పోనాడు."

"షి జస్ట్ వాంట్స్ టు చెక్ ద స్టోరీ" అంది లత.

"ఇక్కడే జూలో ఉంటుంది కదాంటీ, వెళ్ళి చూశారా?"

"సూసినాను. బోనులో ఉన్నది మనల్ని సూడదు బాబూ. మన ఎనకాల గోడని సూస్తాది."

ఇండియాలోనూ చిరుతలున్నాయి. కానీ అక్కడ అడవి దట్టం. సెరెంగెటి బయలు నేల. అక్కడ చిరుత వేటను నోట కరుచుకుని ఒంటరి చెట్టెక్కి పడుకుంటే, ఆకాశం మీద గీసిన బొమ్మలా ఉంటుంది. మసక కళ్ళకి అదే నయం. ఇంతవరకు నేను చెప్పింది సబబే. అక్కడ ఆగి ఉండాల్సింది.

"తొంభై శాతం చూస్తారాంటీ" అన్నాను.

"మిగతా పదీ?"

"అది ఊరికే లెక్క కోసం ఉంచేది."

ఆ తొంభై ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పాలి. అంతకుముందు పది ట్రిప్పుల్లో తొమ్మిదిసార్లు చిరుత కనిపించిందని నా పట్టిక. ఆ తొమ్మిదిలో మూడు తోకలు మాత్రమే. ఒకసారి నేను చూడలేదు, పక్క జీపువాళ్ళు చూశామన్నారు. ఇంకోసారి అది చిరుతో చీతానో ఇప్పటికీ వివాదంలో ఉంది. ఇది లెక్క కాదు, ఆశకి చొక్కా తొడగడం. మీరు కూడా తొడుగుతారు. తొడిగినప్పుడు కనీసం బొత్తాలు చూసుకోండి.

సోమవారం

సెరెంగెటి నడిమధ్య గుడారాల క్యాంపు. పన్నెండు మందిమి, రెండు జీపులు. ఆదివారం రాత్రే జుమా చెప్పాడు, ఆరింటికల్లా కదలాలని. ఆరింటికి నేనూ, జుమా, శాలువా కప్పుకున్న నర్సమ్మ ఆంటీ తప్ప ఎవరూ లేరు. గుడారాల్లోంచి "ఐదు నిమిషాలండీ" వినిపిస్తోంది.

ఏడు దాటింది. స్కోఫీల్డ్స్‌లో ఉండే రిటైర్డ్ ఇంజినీరు ప్రసాదరావు గారు తువ్వాలుతో బయటికొచ్చి, "మూర్తిగారూ, ఇవాళ సోమవారమండీ. ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం. అడవిలోకి పోయేది, మొండిగా పోకూడదు" అన్నారు.

ఇలాంటి చిక్కులకే నేను పుట్టానని నా నమ్మకం. ప్రస్థానం పెడదామన్నాను. మంచి వేళకు మనిషి కదల్లేకపోతే, మనిషి బదులు అతని సంచిని గడప దాటించి బయట పెట్టడం మనకు అలవాటే కదా. సంచి బయల్దేరితే మనిషి బయల్దేరినట్టే. ఏడూ ఇరవైకి అందరి సంచులూ జీపుల్లో పెట్టించాను. ఊరగాయలు, పులిహోర, చపాతీలతో సహా. రాహువును మోసం చేశానన్న తృప్తితో టిఫిన్‌కి కూర్చున్నాను.

"జీపు పైకప్పు తెరిచి ఉంది, లోపల తిండి ఉంది" అన్నాడు జుమా.

"ఐదు నిమిషాలే" అన్నాను.

పైకప్పులోంచి దిగినవి ఏడో ఎనిమిదో. మేం పరిగెత్తుకెళ్ళేసరికి ఒక పెద్ద మగ బబూన్ బానెట్ మీద కూర్చుని ఆవకాయ సీసాలో చెయ్యి పెట్టి నాకుతోంది. కారానికి కళ్ళు మూసుకుంటోంది, మళ్ళీ పెడుతోంది. పిల్ల బబూన్ ప్రసాదరావు గారి మఫ్లరు మెడలో వేసుకుని చెట్టెక్కింది.

"ప్రస్థానం చెడిపోయిందండీ. ఇక సంచి లెక్కలోకి రాదు. తొమ్మిదిదాకా కదలడానికి లేదు" అన్నారాయన.

సరిగ్గా అప్పుడే జుమా రేడియో గరగరలాడింది. విని, నన్ను పక్కకు పిలిచాడు. "చిరుత. సాసేజ్ చెట్టు మీద. జింకను పైకి లాక్కెళ్ళింది. మనకు ఇరవై నిమిషాల దూరం. ఇప్పుడే వెళ్దాం."

టైము ఎనిమిది. నర్సమ్మ ఆంటీ జీపు మెట్టు మీద కాలు పెట్టి మావైపే చూస్తోంది. నేను చెయ్యాల్సింది ఒకటే: ఆమెను, లతను ఎక్కించుకుని ఒక జీపు కదిలించడం. రెండో జీపు రాహువుకి వదిలెయ్యడం. ఇది చిన్నపిల్లవాడికి తడుతుంది. నాకు మాత్రం తట్టింది లెక్క.

"ప్రసాదరావు గారూ, మీది క్యాలెండరు రాహుకాలం" అన్నాను. "అది సూర్యోదయం ఆరింటికనుకుని వేసింది. ఇక్కడ సూర్యోదయం ఆరూ నలభై ఐదు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండో భాగం, అంటే ఎనిమిదింబావు నుంచి తొమ్మిదీ ముప్పావు. ఇప్పుడింకా పావుగంట టైముంది, పదండి!"

"మా నాన్నగారు ఎనభై ఏళ్ళు క్యాలెండరు చూసే బతికారండీ."

"ఆయన సెరెంగెటిలో బతకలేదు కదండీ."

వాదించాం. ఎనిమిదింబావు దాటేదాకా వాదించాం. అంటే ఆయన రాహుకాలం పోకముందే నాదీ మొదలైంది. తొమ్మిదయ్యేసరికి ప్రసాదరావు గారు లేచి, "సరే, పదండి" అన్నారు. కానీ అప్పటికి నా వాదన బాగా పనిచేసింది. మిగతావాళ్ళందరూ, "మూర్తిగారి లెక్కే కరెక్టటండీ, ఇంకా ముప్పావుగంట ఉంది" అని కుర్చీల్లోంచి లేవలేదు. ఉన్న రాహువు ఒక్కడే. నా చదువువల్ల ఇద్దరయ్యారు.

భయం లేదని నాకు నేను చెప్పుకున్నాను. వేట చెట్టు మీద ఉంటే చిరుత మధ్యాహ్నందాకా దిగదని నా పట్టిక.

పది దాటాక చెట్టు దగ్గరికి చేరాం. కొమ్మ మీంచి జింక వెనక కాళ్ళు రెండు వేలాడుతున్నాయి. ఎదురొచ్చిన జీపు డ్రైవరు జుమాకి ఏదో చెప్పాడు. తొమ్మిదిన్నరకు చెట్టు చుట్టూ జీపులు ఎక్కువవడంతో చిరుత చిరాకుపడి గడ్డిలోకి దిగిపోయిందట.

నర్సమ్మ ఆంటీ చాలాసేపు ఆ చెట్టువైపు తల ఇటూ అటూ తిప్పుతూ చూసింది.

"చెట్టు బాగుంది" అంది చివరికి. "దాని మీద ఏటీ నేదు."

"సాయంత్రం మళ్ళీ వస్తుందాంటీ" అన్నాను.

"సూర్యుణ్ణి మింగుతాడంటే ఇన్నాను గానీ, నీ రాహువు నా చిరుతని మింగీసినాడు బాబూ."

"మమ్, లీవ్ ఇట్" అంది లత. తరవాత నావైపు తిరిగి, ఇంకెవరికీ వినబడకుండా, "యూ న్యూ అట్ ఎయిట్" అంది. ఎనిమిదింటికే నాకు తెలుసు కదా అని.

ఆ సాయంత్రం వెతికాం, మర్నాడూ వెతికాం. ఏనుగులు, దున్నలు, సింహాలు వరసగా వచ్చి హాజరు వేయించుకున్నాయి. ఖడ్గమృగం కూడా గొరొంగొరొలో చుక్కంత కనబడింది. చిరుత రాలేదు. మర్నాడు సాయంత్రం జుమా నా పక్కన కూర్చుని, "మీ దేవుడు ఏడున్నర నుంచి అడ్డం పెడితే, ఆరింటికి కదలొద్దన్నదెవడు?" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే, సుందరం అంకుల్ చెప్పిందే మళ్ళీ చెప్పాడు.

తరవాత

సిడ్నీ వచ్చాక చెక్కు రాసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె ముట్టుకోలేదు. "నాను కొన్నది చిరుతని. కాయితం ఇచ్చి తీర్చీస్తావేటి?" అంది. మరుసటి ఏడు మళ్ళీ తీసుకెళ్తాను, డబ్బు వద్దన్నాను. "ఉత్తినే ఒస్తే నా కోపం చెల్లిపోద్ది. ఒద్దు" అని పూర్తిగా కట్టింది.

అప్పటికి ఆమె చూపు డాక్టరు చెప్పినట్టే అయింది. ఎదురుగా ఉన్న మనిషి మొహం స్థానంలో బూడిదరంగు మరక. పక్కలు మాత్రం కాస్త తెలుస్తాయి. ఈసారి వేరే గుంపును కలపలేదు. ఆమె, లత, నేను, జుమా. ఏ వారమో చూడలేదు. అడిగినవాళ్ళూ లేరు. పార్కు గేట్లు తెరిచేసరికి గేటు దగ్గరున్నాం.

రెండోరోజు, తెల్లారీ తెల్లారకుండా, బండరాళ్ళ గుట్ట దగ్గర జుమా ఇంజను ఆపేశాడు. వేలు పెదవి మీద పెట్టుకున్నాడు.

రాళ్ళ అవతలినుంచి వచ్చింది. మొద్దు రంపంతో తడిదుంగ కోస్తున్నట్టు, ముందుకొకటి వెనక్కొకటి. గర్రు, గర్రు, గర్రు. ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి దగ్గరగా.

"చూయి" అన్నాడు జుమా. వాళ్ళ భాషలో చిరుత.

నర్సమ్మ ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళ మచ్చలు పడేంత గట్టిగా.

"తాత" అంది. "బాబూ, అచ్చం తాత."

గుట్ట పక్క గడ్డి కదిలింది. లత లేచి నిలబడింది. నాకు ఒక వీపు, కొన్ని చుక్కలు, వంపు తిరిగిన తోక కనిపించాయి. ఆంటీ మాత్రం మొహం పూర్తిగా ఇటువైపు, నావైపు తిప్పుకుంది. నేను కంగారుపడి, "అటాంటీ, అటు!" అన్నాను. "నోర్ముయ్యి బాబూ, అటే సూస్తన్నాను" అంది. కంటి అంచుతో చూడాలంటే ఆమె మొహం పక్కకి తిప్పుకోవాలని నాకప్పుడు అర్థమైంది. అలా నా మొహానికి ఎదురుగా మొహం పెట్టి, నన్ను కాకుండా, గడ్డి కదలిక ఆగిపోయేదాకా చూసింది. ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుంటే చూపు చెదురుతుందేమోనని తుడుచుకోలేదు.

తిరిగి క్యాంపుకి వెళ్తుంటే, సుందరం అంకుల్ మాట, తోకల లెక్క, అన్నీ తెలిసి కూడా, నా నోరు ఆగలేదు.

"ఐదుకి ఐదు అయిపోయినట్టేనా ఆంటీ?"

"మా తాత అబద్ధమాడ్నేదు. అది తేలిపోనాది. మా అన్నకి ఫోన్ సెయ్యాల. ఇన్నాను గానీ సూడ్నేదు. ఏదో కదిలినాది, అంతే. సగం ముట్టినట్టు రాసుకో."

"సగమేమిటాంటీ, నేను తోకని కూడా నిండు చిరుతగా రాసేవాణ్ణి!"

"అందుకే నీ లెక్కలు అలాగేడిసినాయి."

ఆ తరవాత రెండు ట్రిప్పులు చేసి మానేశాను. కరపత్రంలో "అనుభవపూర్వక లెక్కల ప్రకారం" అన్నది తీసేసి, "పొద్దున ఐదున్నరకు లేవవలెను" అని మాత్రం వేశాను. మనుషులు తగ్గారు. వచ్చినవాళ్ళు లేచారు.

నర్సమ్మ ఆంటీకి ఇప్పుడు అంచులు కూడా మసకబారుతున్నాయి. బ్లాక్‌టౌన్‌లో కూరగాయల కొట్టు దగ్గర ఎదురుపడితే నా గొంతు విని గుర్తుపడుతుంది. పోయిన వారం కూడా లత చెయ్యి పట్టుకుని బెండకాయలు ఏరుతూ, "ఏటి లెక్కలోడా, నా బాకీ?" అంది.

"సగమే కదాంటీ మిగిలింది" అన్నాను. "ఇంతకీ ముందు సగమా, వెనక సగమా?"

ఒక ముదురు బెండకాయ విరిచి పక్కన పడేసింది.

"మొగమున్న సగం."

వచ్చినవి, పోయినవి, ముట్టినవి అన్నీ తీసేస్తే, ఈ వృత్తిలో నేను ఇంకా ఇవ్వాల్సింది: అర చిరుత.